అమెరికా అంతర్యుద్ధం నాటి వర్జీనియాలో మామూలు జనం ఎలా బతికారు? (పిల్లాడి ప్రాజెక్టు కోసం, అర్జెంటు)

ఆష్‌బర్న్_అమ్మ
మావాడు నాలుగో తరగతి. ఇక్కడ నాలుగులో వర్జీనియా చరిత్ర ఉంటుంది కదా, వాళ్ల టీచరు ఓ ప్రాజెక్టు ఇచ్చింది. 1861 నుంచి 1865 దాకా వర్జీనియాలో బతికిన ఒక మామూలు మనిషిని ఊహించుకుని, ఆ మనిషికి రోజు ఎలా గడిచేదో రాయాలట. సైన్యంలో ఉన్నవాళ్లయినా సరే, ఇంటిపట్టున ఉన్నవాళ్లయినా సరే. లైబ్రరీ నుంచి సంచీడు పుస్తకాలు మోసుకొచ్చాను. తిరగేసిన ప్రతిదాంట్లోనూ జనరళ్లే. ఎవరు ఏ గుర్రం ఎక్కారు, ఏ మిట్ట మీద ఎన్ని ఫిరంగులు పెట్టారు. ఆ గుర్రానికి గడ్డి వేసిందెవరు, మగాళ్లు పోయాక పొలం దున్నిందెవరు, పిల్లలకి ఏం వండిపెట్టారు, ఇవి మాత్రం అడక్కూడదు. మా ఆయన్ని అడిగితే "దక్షిణాది జనరల్ లీ గురించి రాసేయమను, గొడవ వదిలిపోతుంది" అంటాడు. ఇక్కడ చరిత్ర పిచ్చోళ్లు బోలెడుమంది ఉన్నారుగా, కాస్త చెప్పండి.

గోంగూర_జాయ్
ఈ ప్రాజెక్టులు పిల్లలకి ఇస్తారా, అమ్మలకి ఇస్తారా? ముందు అది తేలాలి.

ఆష్‌బర్న్_అమ్మ
అట్టముక్కలు కొనేది నాన్న, అతికించేది అమ్మ, మార్కులు మాత్రం వాడివి.

రిచ్మండ్_రావు
రిచ్మండ్ నుంచి మొదలెట్టండి, కావలసినంత సరుకుంది. 1861 మే చివర్లో కాన్ఫెడరసీ (అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి) రాజధానిని మాంట్‌గమరీ నుంచి ఇక్కడికి మార్చారు. అప్పటికి ఊరి జనాభా దాదాపు 38 వేలు. యుద్ధం ముదిరేసరికి లక్ష దాటిపోయింది. గుమాస్తాలు, సైనికులు, గాయపడ్డవాళ్లు, యుద్ధఖైదీలు, ఊళ్లొదిలి వచ్చేసినవాళ్లు, అందరూ ఇక్కడే. అద్దెగది దొరకడమే గగనం.

ఇక తిండి. రైళ్లు సైన్యానికే చాలడం లేదు. చుట్టుపక్కల పొలాల్లో యుద్ధాలు జరుగుతున్నాయి. దానికి తోడు 1863 మార్చిలో, ప్రభుత్వం తను కట్టిన ధరకి రైతు దగ్గర సరుకు తీసేసుకోవచ్చని చట్టం తెచ్చారు. ఇంకేముంది, ఊళ్లోకి వస్తే బండితో సహా పోతుందని రైతులు రావడమే మానేశారు. అదే నెలలో మంచు పడి, కరిగి, రోడ్లన్నీ బురద.

ఏప్రిల్ 2న ఆడవాళ్లు తిరగబడ్డారు. ముందురోజు ఒక బాప్టిస్టు చర్చిలో కూడబలుక్కున్నారు. ముందుండి నడిపించినావిడ మేరీ జాక్సన్, బజార్లో అమ్ముకుని బతికే మనిషి. పొద్దున్నే గవర్నర్ లెచర్‌ని కలిశారు. ఆయన రెండు తియ్యటి మాటలు చెప్పాడు. వీళ్లు గొడ్డళ్లు, కత్తులు పట్టుకుని కొట్ల మీద పడ్డారు. పిండి, పందిమాంసం, బూట్లు, ఏది దొరికితే అది. నగలూ బట్టలూ ఎత్తుకుపోయినవాళ్లూ ఉన్నారు, అబద్ధమెందుకు. చివరికి కాన్ఫెడరసీ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ స్వయంగా వచ్చి ఒక బండెక్కి, జేబులో చిల్లర తీసి జనం మీదికి విసిరి, 5 నిమిషాల్లో కదలకపోతే కాల్పిస్తానన్నాడట. పత్రికల్లో రాయొద్దని ఆరోజే పైనుంచి కబురు వెళ్లింది. అయినా వారం తిరక్కుండా న్యూయార్క్ పత్రికల్లో అచ్చయింది.

మీవాణ్ని ఆ గుంపులో ఒకావిడ కొడుకుని చేసి రాయించండి.

సత్తిపండు
జేబులో డబ్బులు విసిరాడా! ఎన్నికల ప్రచారం అనుకున్నాడేమో.

కాకి_లెక్కలు
విసిరినా ఆ కాగితాలతో ఏం వస్తుందండీ. దక్షిణాది సిపాయికి నెలకు 11 డాలర్లు. 1864 జూన్‌లో 18 చేశారు. అది కూడా నెలనెలా చేతికొచ్చేది కాదు. 1864 మొదట్లో రిచ్మండ్‌లో ఒక పీపా గోధుమపిండి 200 డాలర్లు దాటింది. ఏడాది జీతం పోగేసినా పీపా పిండి రాదన్నమాట. ప్రభుత్వానికి పన్నులు వేసే ధైర్యం లేదు, అప్పిచ్చేవాడు లేడు, అచ్చేసుకుంటూ పోయారు. ఆ నోట్ల మీద చేత్తో సంతకాలు పెట్టడానికి ఆడవాళ్లని గుమాస్తాలుగా పెట్టుకున్నారు. మంచి ఇంటి ఆడపిల్లలు జీతానికి ఆఫీసుకెళ్లడం చాలా ఇళ్లలో అదే మొదలు. పొద్దస్తమానం నోట్ల మీద సంతకం పెట్టి, సాయంత్రం అవే నోట్లు పట్టుకెళ్తే కొట్టువాడు మొహం చిట్లిస్తాడు. 1865 మొదట్లో ఒక బంగారు డాలరుకి 60 కాగితం డాలర్లు ఇచ్చుకోవాల్సి వచ్చింది.

నోటు చెల్లదని తెలిసే 1863 ఏప్రిల్‌లో ధాన్యం రూపంలో పన్ను పెట్టారు. పండినదాంట్లో పదో వంతు సర్కారుకి.

సత్తిపండు
కాఫీ సంగతేంటి? బెండకాయతో కాఫీ కాచుకునేవారని ఎక్కడో చూశాను. నిజమేనా?

రిచ్మండ్_రావు
@సత్తిపండు బెండకాయ కాదు బాబూ, ముదిరిన బెండ గింజలు. వేయించి పొడి కొట్టేవారు. రై గింజలు, చికోరి, చిలగడదుంప ముక్కలు ఎండబెట్టి వేయించడం, ఇలా చేతికందినదల్లా. ఉత్తరాది నౌకలు రేవులన్నీ మూసేశాక అసలు కాఫీ డబ్బున్నవాడికే దొరకలేదు.

కాఫీ లేకపోతే తలనొప్పితో సరి. ఉప్పు లేకపోతే చావే. ఫ్రిజ్‌లు లేని రోజులు, చలికాలం పంది కోసి ఉప్పేసి దాచుకుంటేనే ఏడాదంతా మాంసం. వర్జీనియా నైరుతి మూలన సాల్ట్‌విల్ అనే ఊరు, అక్కడి ఉప్పుబావుల కోసమే రెండుసార్లు దాడి చేశారు, 1864 అక్టోబరులో ఒకసారి, డిసెంబరులో ఒకసారి. ఇళ్లలో ఆడవాళ్లు ఏం చేసేవారంటే, మాంసం పొగబెట్టే కొట్టంలో ఏళ్లతరబడి ఉప్పునీళ్లు కారి నానిన మట్టినేలని తవ్వి, ఆ మట్టిని నీళ్లలో కలిపి, తేర్చి, కాచి, ఉప్పు దింపుకునేవారు. నల్లగా, మట్టివాసనతో ఉండేదట.

గోంగూర_జాయ్
ఉప్పు లేకపోతే ఆవకాయ గతేంటని ఒక్క క్షణం గుండె ఆగింది.

వేపచెట్టు
అందరూ తిండి గురించి మాట్లాడుతున్నారు గానీ అసలు విషయం చెప్పండి పిల్లాడికి. వర్జీనియా మామూలు రైతుకి బానిసలు లేరు. తన రాష్ట్రం మీదికి బయటి సైన్యం వచ్చింది, తుపాకీ పట్టాడు. రాష్ట్రాల హక్కుల కోసం జరిగిన యుద్ధం. ఒకవైపు కథే బడుల్లో చెప్తున్నారు.

నరి_కరీంనగర్
@వేపచెట్టు గట్ల కాదన్నా. ఏ హక్కు కోసం అని అడుగు, అక్కడే దొరికిపోతది. 1860లో వర్జీనియాల 4,90,000 మంది బానిసలుండె, ఏ రాష్ట్రంల చూసినా గంతమంది లేరు. కాన్ఫెడరసీ ఉపాధ్యక్షుడు స్టీఫెన్స్ 1861 మార్చిల నిలవడి మా ప్రభుత్వానికి పునాదిరాయి బానిసత్వమే అని చెప్పిండు, దాచుకోలే. వాళ్లే చెప్పినంక మనం ఎందుకు కాదనుడు?

పేద రైతు సంగతంటవా, ఆయనకే ముందు తెలిసింది. 1862 ఏప్రిల్‌ల బలవంతపు సైనిక చట్టం తెచ్చిన్రు, 18 నుంచి 35 ఏండ్ల మగోళ్లు రావాలె. అదే ఏడు అక్టోబర్‌ల 20 మంది బానిసలున్న తోటకు ఒక తెల్ల మొగోన్ని మినహాయించిన్రు. పైసలున్నోడు తన బదులు ఇంకోన్ని పంపచ్చు, 1863 ఆఖరిదాంక ఆ పద్ధతి నడిచింది. యుద్ధం ఉన్నోడిది, సచ్చేది లేనోడు అని ఆ సిపాయిలే అనుకున్నరు.

వేపచెట్టు
1861 ఏప్రిల్ మొదట్లో వర్జీనియా సభ విడిపోవద్దనే ఓటేసింది. లింకన్ 75,000 మంది సైనికుల్ని అడిగాకే 17న మనసు మార్చుకుంది. అది కూడా 88కి 55. ఇది నిజం కాదా?

నరి_కరీంనగర్
నిజమే. లింకన్ అడిగింది ఎవల మీదికి పంపుతానికి? బానిసత్వం కోసం విడిపోయినోళ్ల మీదికి. వర్జీనియా ఎవల దిక్కు నిలవడాల్నో తేల్చుకుంది.

మోడరేటర్_రెండు
ఇద్దరూ ఆగండి. ఇదే వాదన మీద వేరే దారం ఇంకా నడుస్తోంది, అక్కడికి వెళ్లండి. ఇక్కడ నాలుగో తరగతి పిల్లాడి గురించి మాట్లాడుతున్నాం.

చాంటిలీ_చిలక
నేను వాదన పెంచను గానీ ఒకటి అడుగుతా. పైనుంచి చదువుతూ వచ్చాను, "మామూలు జనం" అంటే అందరూ తెల్ల రైతు, తెల్ల రైతు భార్య అనే తీసుకున్నారు. నరి గారు చెప్పిన ఆ 4,90,000 మంది ఎవరు మరి? రాష్ట్రంలో ప్రతి ముగ్గుర్లో దాదాపు ఒకరు.

వర్జీనియా విడిపోవాలా వద్దా అని 1861 మే 23న జనం ఓటేశారు. ఆ రాత్రే ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలరీ, జేమ్స్ టౌన్సెండ్ అనే ముగ్గురు బానిసలు పడవలో ఉత్తరాది చేతిలో ఉన్న ఫోర్ట్ మన్రో కోటకి చేరుకున్నారు. వాళ్లని కాన్ఫెడరేట్ల కోసం ఫిరంగి దిబ్బ కట్టడానికి పెట్టారు, ఆ తర్వాత దూరంగా దక్షిణానికి పంపేస్తారని తెలిసింది, భార్యాబిడ్డలు ఇక్కడ. మర్నాడు యజమాని తరఫున ఒక అధికారి తెల్లజెండా పట్టుకుని వచ్చి, పారిపోయిన బానిసలను అప్పగించే చట్టం ఉంది కదా, ఇచ్చేయండన్నాడు. అక్కడి జనరల్ బట్లర్ స్వతహాగా లాయరు. మీరు వేరే దేశమంటున్నారుగా, మా చట్టం మీకెందుకు, మీ లెక్క ప్రకారం వాళ్లు ఆస్తేగా, శత్రువు ఆస్తిని యుద్ధంలో జప్తు చేసుకున్నానన్నాడు. కబురు పాకింది. కొద్ది రోజుల్లోనే గుంపులు గుంపులుగా వచ్చేశారు, ముసలివాళ్లు, చంటిపిల్లలు. కోట బయట కాలిపోయిన హాంప్టన్ ఊరి మొండిగోడల మధ్య గుడిసెలు వేసుకున్నారు. లింకన్ విముక్తి ప్రకటనకి ఏడాదిన్నర ముందు సంగతి ఇది. వాళ్లే నడిచొచ్చారు, చట్టం వెనకాల వచ్చింది.

రిచ్మండ్‌లో పెద్ద ఆసుపత్రుల్లో వంట, బట్టలుతకడం, రోగులకి సేవ, ట్రెడిగర్ ఇనుప కర్మాగారంలో ఫిరంగుల పని, ఊరి చుట్టూ కందకాలు, ఇవన్నీ ఎక్కువగా ఎవరి రెక్కల మీద నడిచాయి? అద్దెకి తెచ్చుకున్న బానిసల మీద. ఆ అద్దె యజమానికే పోతుంది. స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్లని కూడా పట్టుకెళ్లి తవ్వించారు.

మీ అబ్బాయి ఆ పడవలో వచ్చిన ముగ్గురిలో ఒకరి గురించి రాస్తే నాకు సంతోషం.

ఆష్‌బర్న్_అమ్మ
చిలక గారూ, ఇది నా చేతిలో ఉన్న పుస్తకాల్లో ఒక్క పేరాలో తేల్చేశారు. మావాడికి చదివి వినిపించాను. "జడ్జిగారు మాటతో కొట్టాడమ్మా" అన్నాడు. లాయరురా అన్నా వినడు. మా లౌడన్ కౌంటీలో ఏమైనా జరిగిందా? ఇంటి దగ్గరైతే తీసుకెళ్లి చూపించొచ్చు.

లౌడన్_లచ్చన్న
జరగడమా! మీరుండేదే మాస్‌బీ తిరిగిన చోటికి పక్కన. జాన్ మాస్‌బీ, లాయరు, దక్షిణాది గుర్రపుదళం నాయకుడు. అతని మనుషులకి శిబిరం లేదు, గుడారాలు లేవు. రైతుల ఇళ్లలో పడుకునేవారు. కబురందితే ఒక కూడలిలో కలుసుకుని, ఉత్తరాది బళ్ల వరసనో, రైలునో కొట్టేసి, మళ్లీ ఎవరి దారిన వాళ్లు. 1863 మార్చి 9 తెల్లవారకముందే ఫెయిర్‌ఫాక్స్ కోర్టుహౌస్‌లోకి దూరి, నిద్రపోతున్న జనరల్ స్టౌటన్‌ని మంచం మీంచి లేపి పట్టుకుపోయాడు.

మిడిల్‌బర్గ్, ఆల్డీ వైపు వాళ్లు అతనికి అన్నం పెట్టారు. ఉత్తరాన వాటర్‌ఫోర్డ్‌లో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు, బానిసత్వానికీ యుద్ధానికీ రెండింటికీ వ్యతిరేకులు. అప్పట్లో వర్జీనియాలో ఓటు చీటీ మీద కాదు, అందరి ముందూ నోటితో చెప్పాలి. తుపాకీ పట్టుకున్న పొరుగువాడు చూస్తుండగా, విడిపోవడం నాకిష్టం లేదని గట్టిగా చెప్పాలి. వాటర్‌ఫోర్డ్‌వాళ్లు చెప్పారు. అక్కడి ముగ్గురు అమ్మాయిలు 1864లో ఉత్తరాది పక్షాన చిన్న పత్రిక కూడా నడిపారు, చుట్టూ శత్రువులు ఉండగా.

దారుణం ఏంటంటే 1864 నవంబరు చివర్లో మాస్‌బీకి తిండి దొరక్కుండా చేయాలని ఉత్తరాది గుర్రపుదళం వచ్చి లౌడన్ లోయలో కొట్టాలు, మిల్లులు, గడ్డివాములు తగలబెట్టి, గొడ్డూ గోదా తోలుకుపోయింది. తమ పక్షం క్వేకర్లవి కూడా వదల్లేదు. లచ్చల విలువైన ధాన్యం, చలికాలం ముందు.

నరి_కరీంనగర్
@లౌడన్_లచ్చన్న ఇది సదువుతుంటే మా నాయినమ్మ యాదికొచ్చింది. 90లల్ల మా ఊళ్లె రాత్రి అన్నలొచ్చి బువ్వ అడుగుదురు. పెట్టకుంటే ఒక బాధ. తెల్లారి పోలీసులొచ్చి రాత్రి ఎవలికి పెట్టినవ్ అందురు. నాయినమ్మ పొద్దు పొడవకముందే అంట్లు తోమి, తుడిచి, ఎప్పటి జాగల బోర్లిచ్చేది. నాలుగు పళ్లేలు ఎక్కువ తడిగ కనవడద్దని. ఏ పక్షం అని అడిగితే ఆమె ఏం చెప్తది?

వేపచెట్టు
నరి అన్నా, ఈ ఒక్కదానికి ఒప్పుకుంటా. కానీ మాస్‌బీని దొంగల ముఠా నాయకుడిలా చూపించొద్దు. మిలటరీ హోదా ఉన్న అధికారి. పైగా యుద్ధం అయ్యాక ఉత్తరాది సేనాని గ్రాంట్‌కే దగ్గరయ్యాడు.

చాంటిలీ_చిలక
అవును, ఆ పాపానికే సొంత రాష్ట్రంలో తిట్లు తిన్నాడు.

మాజీ_జవాను
హైదరాబాదు నుంచి. ఫౌజులో పనిచేసి రిటైరయ్యాను, మా అబ్బాయి ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ఉంటాడు కాబట్టి ఆ నది ఒడ్డున చాలానే తిరిగాను. సివిలియన్ల గురించి బాగా చెప్పారు, సిపాయి గురించి ఎవరూ రాయలేదు.

సిపాయి బతుకులో యుద్ధం తక్కువ. నడక, డ్రిల్లు, కాపలా, కట్టెలు కొట్టడం, ఎదురుచూడటం. నాకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఉత్తరాది వాళ్లకి ఇచ్చే బిస్కట్టు చతురస్రం ముక్క, పన్ను విరిగేంత గట్టి. తుపాకీ మడమతో పగలగొట్టి వేడి కాఫీలో వేస్తారు. పురుగులు పైకి తేలతాయి, చెంచాతో తీసేసి తాగేస్తారు. దక్షిణాది వాళ్లకి మొక్కజొన్న పిండి, పందికొవ్వు. ఆ కొవ్వు కరిగించి, మాంసం ముక్కలూ పిండీ కలిపి బాణలిలో వేయించుకునే ముద్దే భోజనం. బూట్లు ఎప్పుడూ కరువే. పేలు పట్టనివాడు లేడు, జనరలైనా సరే.

1862 డిసెంబరు 13న ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో మేరీస్ హైట్స్ కింద రాతిగోడ మీదికి ఉత్తరాది దళాలను ఒకదాని వెనక ఒకటి పంపారు. ఉత్తరాదికి ఆ పోరులో 12,000కి పైగా చచ్చినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కనపడకుండా పోయినవాళ్లూ. అప్పట్లో గోడ ముందు ఎక్కువభాగం బయలు నేలే, దాక్కోవడానికి దాదాపు ఏమీ లేదు. ఆ ఆర్డరు ఇచ్చినవాడి మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ తర్వాత చలికాలమంతా రెండు సైన్యాలూ రాపహానక్ నదికి ఇటూ అటూ. కాపలా సిపాయిలు చెక్కముక్కతో చిన్న పడవ చేసి, తెరచాప కట్టి, పొగాకు పెట్టి అటు వదిలేవారు. అటునుంచి కాఫీ గింజలు, పత్రికలు వచ్చేవి. అధికారులు వద్దంటే వినేవారా? దక్షిణాది శిబిరాల్లో మంచు బాగా పడితే బ్రిగేడ్లకు బ్రిగేడ్లు జెండాలతో, బాకాలతో మంచు ఉండల యుద్ధం.

గోంగూర_జాయ్
ప్రాజెక్టుకి ఇది తీసుకోండి! పడవ బొమ్మ అట్టముక్కతో చేసెయ్యొచ్చు.

మాజీ_జవాను
చెయ్యండి. కానీ ఇంటినుంచి వచ్చే ఉత్తరాలు కూడా రాయండి. కాగితం కరువు, రాసిన పేజీని అడ్డంగా తిప్పి ఆ అక్షరాల మీదే మళ్లీ రాసేవారు. పంట పోయింది, గుర్రాన్ని పట్టుకెళ్లారు, పిల్లకి జ్వరం, నువ్వు ఎప్పుడొస్తావు. అది చదివిన సిపాయికి సెలవు దొరకదు. 1864-65 చలికాలంలో పీటర్స్‌బర్గ్ కందకాల్లోంచి రాత్రిపూట వెళ్లిపోయినవాళ్లలో చాలామందిని లాక్కెళ్లింది ఆ ఉత్తరాలే. పట్టుబడితే, దళమంతా చూస్తుండగా, తన శవపేటిక మీద కూర్చోబెట్టి కాల్చేవారు. మా కంపెనీలో ఒకడు చెల్లెలి పెళ్లికి సెలవు ఇవ్వలేదని చెప్పకుండా వెళ్లి, పెళ్లి అయ్యాక తనే వచ్చి లొంగిపోయాడు. శిక్ష పడింది, 28 రోజుల జైలుతో సరిపోయింది. కాలం తేడా.

డాక్టరమ్మ
సిపాయి చావు గురించి ఒక మాట. రెండు పక్షాల్లోనూ చనిపోయినవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది తూటాతో కాదు, రోగాలతో పోయారు. టైఫాయిడ్, విరేచనాలు, తట్టు. పల్లెటూరి కుర్రాళ్లకి చిన్నప్పుడు తట్టు వచ్చి ఉండదు, వెయ్యిమందిని ఒక్కచోట పెట్టగానే అంటుకుంది. మరుగుదొడ్డి గుంట, తాగే నీళ్లు పక్కపక్కనే. సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ తెలియదు, ఒక రోగి పుండు తుడిచిన స్పాంజితోనే పక్కవాడిదీ తుడిచేవారు. కాళ్లు చేతులు తీసేటప్పుడు మాత్రం క్లోరోఫాం ఇచ్చేవారు, సినిమాల్లో చూపించినట్టు తోలుముక్క కొరికించి కోయడం మామూలు కాదు.

రిచ్మండ్‌లో చింబొరాజో అనే కొండ మీద చెక్క షెడ్లతో కట్టిన ఆసుపత్రిలో యుద్ధకాలంలో 76,000 మందికి వైద్యం జరిగింది. సొంత రొట్టెల బట్టీ, మేకలు, ఆవులు అన్నీ ఉండేవి. ఊళ్లో శాలీ టాంప్‌కిన్స్ అనే ఆవిడ ఒక ఇంట్లో చిన్న ఆసుపత్రి నడిపింది. 1,333 మంది చేరితే 73 మందే పోయారు. ఆవిడకి వైద్యం చదువు లేదు, శుభ్రం పిచ్చి ఉంది. ప్రైవేటు ఆసుపత్రులు మూసేయమని ఉత్తర్వులొస్తే, ఆవిడది మూతపడకుండా ఏకంగా కెప్టెన్ హోదా ఇచ్చారు.

ఆష్‌బర్న్_అమ్మ
మావాడు ఇప్పుడు రిచ్మండ్ తూటాల కర్మాగారంలో పనిచేసిన పిల్ల గురించి రాస్తానంటున్నాడు. లైబ్రరీలో ఎవరో చెప్పారట. అది ఏంటి?

రిచ్మండ్_రావు
బ్రౌన్స్ ఐలండ్. జేమ్స్ నదిలో లంక. ఇప్పుడక్కడ సంగీత కచేరీలు చేస్తారు. అప్పుడు తూటాల తయారీ షెడ్లు. మగాళ్లు యుద్ధంలో ఉన్నారు కదా, చిన్న వేళ్లు పనికొస్తాయని ఆడపిల్లల్ని పెట్టారు, పదేళ్ల వాళ్లు కూడా ఉన్నారు. 1863 మార్చి 13న, మేరీ రయాన్ అనే 18 ఏళ్ల ఐరిష్ అమ్మాయి ఫిరంగి ముట్టించే గొట్టాలు గుచ్చిన పలక ఇరుక్కుపోతే, ఊడదీయడానికి బల్లకేసి కొట్టింది, అది పేలిపోయింది. 40 మందికి పైగా పోయారు, ఎక్కువమంది అమ్మాయిలే. కొన్నాళ్లకే షెడ్డు మళ్లీ తెరిచారు, పనికి వచ్చిన పిల్లలకి కొదవ లేదు.

తిండి గొడవ జరిగింది దీనికి 3 వారాల తర్వాతే, గుర్తుంచుకోండి.

సత్తిపండు
నాలుగో తరగతికి ఇది ఎక్కువ కదండీ. పడవే నయం.

డాక్టరమ్మ
వాడి వయసు పిల్లలే పనిచేశారు, వాడికే ఎందుకు ఎక్కువ? అడిగింది వాడే కదా.

పల్నాటి_పులి
అందరూ అమెరికా అమెరికా అంటున్నారు, మన గుంటూరు సంగతి మరిచారు. దక్షిణాది పత్తి ఆగిపోగానే లాంకషైర్ మిల్లులు ఇండియా వైపు తిరిగాయి. బొంబాయిలో ధర ఆకాశానికంటింది. మన నల్లరేగడి పత్తికీ గిరాకీ పెరిగింది. కాకినాడ రేవు నుంచి పోయేది కాబట్టి ఆ రకానికి కోకనాడా పత్తి అనే పేరు ఉండేది.

కాకి_లెక్కలు
@పల్నాటి_పులి గిరాకీ సరే, లాభం రైతు ఇంటికి ఎంత చేరింది, షావుకారు దగ్గర ఎంత ఆగింది? 1865లో యుద్ధం ముగియగానే ధర దబ్బున పడి బొంబాయిలో బ్యాంకులే మునిగాయి. ఇంకోటి, వర్జీనియా ప్రధానంగా పొగాకు, గోధుమ. పత్తి ఇంకా దక్షిణాన.

పల్నాటి_పులి
పొగాకైనా గుంటూరే కదా అన్నా.

గోంగూర_జాయ్
గెలిచాడు.

లౌడన్_లచ్చన్న
రాష్ట్ర విభజన గురించి ఎవరూ ఎత్తలేదేంటి, తెలుగువాళ్లమై ఉండి! వర్జీనియా పశ్చిమ కొండల్లో బానిసలు తక్కువ. మీరు విడిపోతే మేము మీ నుంచి విడిపోతాం అని వీలింగ్‌లో సభ పెట్టుకున్నారు. 1863 జూన్ 20న వెస్ట్ వర్జీనియా 35వ రాష్ట్రమైంది. సరిహద్దు ఊళ్లలో అన్నదమ్ములు చెరో సైన్యంలో. ఇక పాత రాష్ట్రం అప్పుల్లో ఎవరి వాటా ఎంత అన్న తగువు సుప్రీంకోర్టుకెక్కి 1915లో తేలింది. వెస్ట్ వర్జీనియా చివరి వాయిదా కట్టింది 1939లో.

సత్తిపండు
1863 నుంచి 1939! మనకింకా చాలా టైముంది.

నరి_కరీంనగర్
షెడ్యూల్ 9, 10 ఆస్తుల గురించి ఇక్కడ మాట్లాడకున్రి, మోడరేటర్ వస్తడు.

మోడరేటర్_రెండు
వచ్చాను. చూస్తున్నాను.

వేపచెట్టు
మామూలు మనిషి కావాలంటే విల్మర్ మెక్‌లీన్ ఉన్నాడుగా. 1861 జూలైలో మనాసస్ దగ్గర అతని ఇంట్లోనే దక్షిణాది జనరల్ దిగాడు, వంటింట్లో ఫిరంగి గుండు పడింది. ఈ గోల వద్దని 100 మైళ్లకు పైగా దూరంలో అపొమాటక్స్ అనే మూల ఊరికి మకాం మార్చాడు. 1865 ఏప్రిల్ 9న లీ గ్రాంట్‌కి లొంగిపోవడానికి ఇల్లు కావలసి వచ్చింది, అతని హాలే దొరికింది. యుద్ధం వద్దనుకున్న మనిషిని యుద్ధం వదల్లేదు.

కాకి_లెక్కలు
పాపం అనకండి, యుద్ధమంతా సైన్యానికి పంచదార వ్యాపారం చేశాడు. బాగానే వెనకేశాడు, అంతా కాన్ఫెడరేట్ నోట్లలో.

చాంటిలీ_చిలక
మనాసస్‌లో అదే నెలలో జూడిత్ హెన్రీ అనే ఎనభై దాటిన ముసలావిడ మంచం దిగలేక ఇంట్లోనే ఉండిపోయి ఫిరంగి దెబ్బకి చనిపోయింది. ఆవిడకి మకాం మార్చే పంచదార డబ్బు లేదు.

మాజీ_జవాను
ఆ అపొమాటక్స్ హాల్లో సామాను సంగతి తెలుసా? సంతకాలయ్యాక ఉత్తరాది అధికారులు జ్ఞాపకం కోసమని కుర్చీలు, బల్లలు పట్టుకుపోయారు. ఒక బల్లకి మాత్రం షెరిడాన్ 20 డాలర్ల బంగారం ఇచ్చాడు.

కాకి_లెక్కలు
మెక్‌లీన్ చేతికి యుద్ధమంతటిలో వచ్చిన చెల్లే డబ్బు అదే అయ్యుంటుంది. తర్వాత ఇంటి అప్పు తీర్చలేక ఆ ఇల్లు కూడా పోయింది. చివరికి కేంద్ర ప్రభుత్వ పన్నుల శాఖలో ఉద్యోగం చేశాడు.

గోంగూర_జాయ్
ఏ ప్రభుత్వం, గెలిచినదా?

కాకి_లెక్కలు
జీతం ఇచ్చేది అదొక్కటే మిగిలింది మరి.